లోవీసా రాణి ముత్యాల పతకం

ఫోటోలో నవ్వుతున్న మనిషి చనిపోయి ఐదేళ్ళయింది.

ఉమేష్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. టేబుల్ మీద ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేసి, కొంచెం ముందుకి వంగి చూశాడు. తెల్ల గౌను. పొట్టిగా కత్తిరించిన జుట్టు. మెడలో నీలాల హారం, తల మీద చిన్న కిరీటం. వెనకాల పెద్ద ఓడ.

"ఎక్కడ సార్ ఇది?"

"పెనాంగ్ పోర్టు. పోయిన వారం," అన్నాడు చీఫ్ మణికుమార్.

"ఎవరో పోలికున్న మనిషి అయ్యుంటుంది."

"సాఫ్ట్‌వేర్‌తో మ్యాచ్ చేయించాను. చెవి, దవడ, కళ్ళ మధ్య దూరం. పోలిక కాదు. మన రాజకుమారే."

కిటికీ కింద బస్సు హారన్ కొట్టింది. దీవిలోని గరాచర్మ పేటలో కొత్తగా కట్టిన మేడ అది. కింద అంతస్తుకి స్కూబా డైవింగ్ బుకింగుల బోర్డు. పై అంతస్తులో ఏముందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. డైవింగ్ నేర్చుకుందామని పొరపాటున మెట్లెక్కిన టూరిస్టులని మణికుమారే మర్యాదగా కిందికి పంపేస్తుంటాడు.

ఉమేష్ గ్లాసులో నీళ్ళు తాగాడు.

రాజకుమారి డిగ్నాబాద్ బస్తీ పిల్ల. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా ఓడెక్కి ఈ దీవులకి వచ్చేసిన కుటుంబం. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. తల్లి గురమ్మ జంగ్లీఘాట్ బజారులో చేపలమ్మి కూతుర్ని చదివించింది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ రాళ్ళంటే పిచ్చి. ముందు గవ్వలు, తర్వాత రత్నాలు. పాత రాచనగల మీద చదువుతానని స్కాలర్‌షిప్ తెచ్చుకుని స్టాక్‌హోమ్ వెళ్ళింది. అక్కడే ఉమేష్ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆమెని పనిలోకి తీసుకుంది. కోర్సు అయ్యాక తిరిగొస్తే పెళ్ళి అనుకున్నారు. గురమ్మ అయితే ఆగలేదు, అప్పుడే ఉమేష్‌ని అల్లుడా అని పిలవడం మొదలెట్టేసింది.

తర్వాత స్వీడన్ సముద్రంలో ఓ మోటర్‌బోటు పేలిపోయిందని కబురొచ్చింది. శవం దొరకలేదు. ఆ కబురు గురమ్మకి మోసుకెళ్ళినవాడు ఉమేషే. గురమ్మ మోకాళ్ళ లోతు సముద్రంలో నిలబడి కూతురికి నీళ్ళొదిలింది. అప్పటి నుంచీ ఆదివారాలు ఉమేష్ ఆమె ఇంట్లోనే తింటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు మణికుమార్. "ఆ ఓడ రేపు పొద్దున్న హాడో వార్ఫ్‌కి వస్తుంది. లోపల ఎగ్జిబిషన్ ఉంది. స్వీడన్ రాణులు పెట్టుకున్న చారిత్రక నగలకి నమూనాలు. అన్నీ గాజు, గిల్టు. ఓడ ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఒడ్డు మీద ఓ రోజు ప్రదర్శన. సంస్కృతి, స్నేహం, స్పీచులు. అందుకని ఆ పెట్టెల్ని ఏ కస్టమ్స్‌వాడూ విప్పి చూడడు."

"లోపల?"

"పోలార్ అనే గూఢచారుల రింగ్. ఆగిన ప్రతి పోర్టులో ఓ రహస్యం కొంటారు, ఏదో ఒక నగలో దాచి పట్టుకుపోతారు. ఇక్కడ వాళ్ళకి అమ్ముడుపోయినవాడు శివాజీ. నేవీలో కాంట్రాక్ట్ టెక్నీషియన్. మన సముద్రం అడుగున సబ్‌మెరైన్ల చప్పుడు వినడానికి పెట్టిన మైకులున్నాయే, అవి ఎక్కడెక్కడున్నాయో మొత్తం కాపీ చేసేశాడు. గోరంత చిప్. ఈపాటికి చేతులు మారిపోయుంటుంది."

"పెట్టెలు సీజ్ చేసేద్దాం."

"చేస్తే జాగ్రత్తపడి ఇంకో దారి వెతుక్కుంటారు. చిప్ వాళ్ళతో వెళ్ళాలి. కాకపోతే మనం తయారుచేసిన చిప్ వెళ్ళాలి." మణికుమార్ ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బీ టేబుల్ మీద పెట్టాడు. "ఇందులో ఉన్న మ్యాప్ నమ్ముకుంటే, వాళ్ళ వెనకున్న దేశం సబ్‌మెరైన్లు సరిగ్గా మన మైకుల మీద నుంచే వెళ్తాయి."

"ఏ నగలో ఉందో ఎలా తెలుస్తుంది?"

"లోపల మనకి ఒక సోర్స్ ఉంది. కోడ్ నేమ్ శంఖం. అక్కడ ఇచ్చే లెక్చర్‌లో చరిత్ర అంతా కరెక్టుగా ఉంటుంది. ఒక్క చోట తప్పు వస్తుంది. ఆ తప్పు ఏ రాణి దగ్గర వస్తే, చిప్ ఆ రాణి నగలో ఉన్నట్టు."

"శంఖం ఎవరు?"

"స్క్రిప్ట్ రాసేవాళ్ళలో ఒకరనుకో," అన్నాడు మణికుమార్, ఫోటో వెనక్కి తీసుకుంటూ. "లెక్చర్ ఇచ్చేది మాత్రం ఈవిడ. ఇప్పుడు పేరు రేనా. పోలార్ మనిషి. నిన్ను గుర్తుపట్టి అరవబోతే..."

"అరవబోతే?"

మణికుమార్ సొరుగులోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసి డబ్బీ పక్కన పెట్టాడు.

"వేరేవాళ్ళని పంపండి సార్."

"వేరేవాళ్ళకి ఆమె నడక తెలియదు, గొంతు తెలియదు. ఎప్పుడు అబద్ధమాడుతోందో తెలియదు. నీకు తెలుసు. తెలుసనుకుంటున్నావు కదా?"

ఉమేష్ డబ్బీ తీసుకున్నాడు. పిస్టల్ కూడా తీసుకున్నాడు.

ఆ సాయంత్రమంతా స్వీడన్ రాణుల చరిత్ర చదువుతూ కూర్చున్నాడు. అందులో పేర్లన్నీ కొత్తవే. ఏడుపులు మాత్రం ఎక్కడో విన్నట్టే ఉన్నాయి.

* * *

హాడో జెట్టీ పక్కనున్న హాలు అది. తెల్ల తెరలు, నల్ల మఖమలు, అద్దాల పెట్టెలు. ఓడ దిగిన టూరిస్టులు ఒక పక్క, పాసులు తెచ్చుకున్న ఊరివాళ్ళు ఒక పక్క. బయట ఉక్కగా ఉంది, లోపల ఏసీ వణికిస్తోంది.

ఉమేష్ లైటింగ్ టెక్నీషియన్‌గా వచ్చాడు. నెరిసిన గడ్డం, మందపాటి కళ్ళద్దాలు, ఎడమకాలు కొంచెం ఈడ్పు. చేతిలో టూల్ బాక్స్. పై జేబులో ఉన్నది చూడ్డానికి టెస్టర్. నొక్కితే అద్దం పెట్టెల మాగ్నెటిక్ లాక్ తెరుస్తుంది. పిస్టల్ టూల్ బాక్స్ అడుగున, ఇన్సులేషన్ టేపుల కింద.

హాలు మధ్యలో టాబ్లెట్ పట్టుకుని నిలబడిన పొడుగాటి తెల్లవాడు కార్‌స్టెన్, ఎగ్జిబిషన్ మేనేజర్. పోలార్‌కి ఈ ఓడ మీద బాస్ అతనే. ఏ పెట్టె మూతైనా ఊపిరి బిగబట్టేంత సేపు దాటి తెరిచి ఉంటే ఆ టాబ్లెట్ కూస్తుంది. ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో శివాజీ కూర్చున్నాడు. నలుగురిలో తిరిగే మనిషి. డిగ్నాబాద్‌లో అందరికీ తెలిసినవాడే.

తెర పక్కకి జరిగింది. రాజకుమారి వచ్చింది.

ఉమేష్ నిచ్చెన మీదున్నాడు. ఒక చెయ్యి లైటు మీద ఉంది. రెండో చేత్తో నిచ్చెనని గట్టిగా పట్టుకున్నాడు. ఆ నడకే. కుడి భుజం కొద్దిగా ముందుకి వేసి, ఎదురుగాలిలో నడిచినట్టు నడిచే నడక. ఐదేళ్ళు ఆదివారాలు ఖాళీ పీట వైపు చూస్తూ అన్నం తిన్నాడు. ఆ పీట మీద కూర్చోవలసిన మనిషి గాజు కిరీటం పెట్టుకుని, విదేశీ యాసలో గుడ్ మార్నింగ్ చెబుతోంది.

ప్రాణాలతో ఉందన్న సంతోషం ఉమేష్‌కి ఒక్క క్షణమే దక్కింది. ఆ వెంటనే, ఇన్నాళ్ళూ బతికే ఉండి తల్లికి కబురైనా పంపలేదన్న సంగతి గుండెల్లో దిగింది.

లెక్చర్ ఇంగ్లీషులో సాగింది. చేతిలో కాగితం లేదు. ఒక్కో పెట్టె దగ్గర ఆగి, కథ చెప్పినట్టు చెబుతోంది.

"ఈ వజ్రాల పూలకొమ్మ సోఫియా మాగ్దలేనా రాణి కాలం నాటిది. డెన్మార్క్ నుంచి కోడలిగా వచ్చింది. అత్తగారికి గిట్టలేదు. భర్త దగ్గరికి రావడానికే ఏళ్ళు పట్టింది. చివరికి ఆ రాజుని ముసుగుల విందులో తుపాకీతో కాల్చారు. ఇన్ని వజ్రాలున్నా ఆమె ఒంటరిదే."

కరెక్ట్, అనుకున్నాడు ఉమేష్.

"ఈ పచ్చరాళ్ళ సెట్టు దేసిదేరియా రాణిది. ఫ్రాన్స్‌లో పట్టు వ్యాపారి కూతురు. మొదట నెపోలియన్‌తో నిశ్చితార్థం అయింది. అతను వదిలేశాడు. ఇంకొకరిని పెళ్ళాడి, అనుకోకుండా స్వీడన్‌కి రాణి అయింది. ఆ చలికి తట్టుకోలేక వెనక్కి పారిపోయి, ఏళ్ళ తరబడి పారిస్‌లోనే ఉండిపోయింది."

కరెక్ట్.

"ఇవి జోసెఫిన్ రాణి నగలు. నెపోలియన్ భార్య జోసెఫిన్‌కి మనవరాలు. నాయనమ్మ పేరే పెట్టుకుంది, నాయనమ్మ నగల్లో వాటా కూడా తెచ్చుకుంది. ఇవాళ స్వీడన్ రాజకుటుంబం గొప్పగా చెప్పుకునే నగలు చాలావరకు ఆ కోడలి వెంట వచ్చినవే."

ఇదీ కరెక్టే. ఉమేష్ నిచ్చెన జరుపుకున్నాడు. ఆమె నాలుగో పెట్టె దగ్గరికి వచ్చింది. లోపల ముత్యాల పతకం. మధ్యలో పావురం గుడ్డంత తెల్ల ముత్యం, చుట్టూ చిన్నవి. పెట్టె పక్కన అచ్చువేసిన బోర్డు ఉంది: లోవీసా రాణి. ఒక్కగానొక్క కొడుకు రెండేళ్ళు నిండకుండానే మరణించాడు. ఆమెకి మళ్ళీ కొడుకు పుట్టలేదు.

రేనా ఆగింది. మైకు మీద వేళ్ళు బిగిశాయి.

"ఇది లోవీసా రాణిది. ఆమె బిడ్డ చనిపోయాడని అందరూ అనుకున్నారు. తల్లి కూడా నమ్మింది. కానీ ఆ బిడ్డ చనిపోలేదు. ఎక్కడో దూరంగా పెరిగాడు. ప్రతి రోజూ తల్లిని తలుచుకున్నాడు."

ఓ టూరిస్టు ముసలావిడ బోర్డు వైపు, రేనా వైపు మార్చి మార్చి చూసింది. కార్‌స్టెన్ టాబ్లెట్‌లోంచి తలెత్తలేదు. రాణుల కథలు అతనికి అక్కర్లేదు.

స్క్రిప్టు లేదు. బోర్డు మీద నిజం రాసే ఉంది. అబద్ధం ఆమె నోట్లోంచి, ఆమె ఇష్టంతో వచ్చింది. శంఖం స్క్రిప్టు రాసేవాళ్ళలో లేదు. శంఖం ఎదురుగా నిలబడింది. ఐదేళ్ళుగా శత్రువుల మధ్య, ఒంటరిగా.

టూల్ బాక్స్ అడుగున, ఆమె కోసం తెచ్చిన పిస్టల్ ఉంది.

* * *

లెక్చర్ అయ్యాక టీ ఇచ్చారు. స్పీకర్లలో పియానో పెట్టారు. ఉమేష్ నాలుగో పెట్టె పైనున్న బల్బుని వదులు చేశాడు. అది రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

రేనా చిరాగ్గా నడుచుకుంటూ వచ్చింది. "భయ్యా, యే లైట్ ఠీక్ కరో," అంది అందరికీ వినబడేలా.

"జీ, మేడమ్."

ఆమె పెట్టె వైపు తిరిగి, మఖమలు సర్దుతున్నట్టు వంగింది. పెదవులు కదలకుండా మాట్లాడింది, తెలుగులో.

"గడ్డం నీకు నప్పలేదు."

"ఎలా గుర్తుపట్టావు?"

"నేను లోవీసా బిడ్డ చనిపోలేదనగానే నిచ్చెన కదిలింది. అమ్మ ఎలా ఉంది?"

"ఉంది. రాజీ, మాకు నువ్వు చచ్చిపోయావని చెప్పారు."

"తెలుసు. మీరు ఏడుస్తుంటే వీళ్ళ మనిషొకడు దూరం నుంచి ఫోటోలు తీశాడు. ఆ రాజకుమారి చచ్చిపోయింది, నేను వేరే మనిషినని అవి చూశాకే నమ్మారు. కార్‌స్టెన్ నాకు కూడా చూపించాడు. అమ్మ నీళ్ళలో నిలబడి ఉంది." ఆమె మఖమలు మడత సరిచేసింది. "ఆ రోజు కూడా నేను నవ్వవలసి వచ్చింది."

ఉమేష్ టెస్టర్ చేతిలోకి తీసుకున్నాడు. "చిప్ మార్చేస్తాను. నువ్వు ఈ తలుపులోంచి బయటికి నడిచెయ్. బయట మనవాళ్ళున్నారు. ఇంటికెళ్ళిపోదాం."

"నేను దిగిపోతే చిప్ దొంగదని వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. ఓడతో పాటు నేనూ వెళ్తేనే దాన్ని నమ్ముతారు."

"ఎన్నాళ్ళు?"

ఆమె ఒక్కసారి తలెత్తింది. కళ్ళు అవే. కింద నీడలు మాత్రం కొత్తవి.

"పెద్ద ముత్యం వెనకాల," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఉమేష్ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డబ్బీలోంచి చిప్ తీసి వేలి కొసకి అంటించుకున్నాడు. టెస్టర్ లాక్‌కి ఆనించబోతుండగా హాలు తలుపు తెరుచుకుంది. వేడిగాలి, దాంతోపాటు చేపల వాసన.

పెట్టె అద్దంలో నీడ కనిపించింది. శివాజీ. అతని పక్కన, తడి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గురమ్మ.

"రా మౌసీ, రా. భయపడకు," అంటున్నాడు శివాజీ. "టూరిస్టులు నీతో ఫోటో దిగుతారంట."

"ఫోటో ఏటిరా? బేరం వదిలేసి వచ్చినాను, వేగిరం కానీ."

కార్‌స్టెన్ టాబ్లెట్ చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. మర్యాదగా నవ్వుతున్నాడు. అతని వెనక ఓ బలమైన మనిషి, కోటు జేబులో చెయ్యి.

"రేనా," అన్నాడు కార్‌స్టెన్ ఇంగ్లీషులో. "నీ కోసం చిన్న సర్‌ప్రైజ్. మిస్టర్ శివాజీ ఓ తమాషా అయిన మాట చెప్పాడు. ఈ ఊళ్ళో నీలాంటి అమ్మాయి ఒకతి ఉండేదట. ఈవిడ తల్లి అట."

ఉమేష్ కదల్లేదు. కదిలితే అంతా పోతుంది. పిస్టల్ టేపుల కింద ఉంది. దాన్ని తీసి తిరిగేలోపు కోటు జేబులో ఉన్నది పేలుతుంది. ముందు రాజీ మీద, తర్వాత గురమ్మ మీద. గురమ్మ నోట్లోంచి ఇప్పుడొచ్చే ఒక్క మాట మీద అంతా ఆగి ఉంది. ఆ ముసలిదానికి ఏమీ తెలియదు.

చేయగలిగిన పని ఒక్కటే ఉంది. అందరి కళ్ళూ అటున్నాయి. కార్‌స్టెన్ టాబ్లెట్ చంకలో ఉంది. ఉమేష్ వాళ్ళ వైపు వీపు పెట్టి, లాక్ నొక్కాడు. మూత లేచింది.

"గురమ్మ మౌసీ," శివాజీ గొంతు వినబడింది. "ఈ మేడమ్‌ని చూడు. బాగా చూడు. మన రాజకుమారి కాదూ?"

ఉమేష్ వేళ్ళు పతకాన్ని తిప్పాయి. పెద్ద ముత్యం వెనక చిన్న రేకు. గోటితో ఎత్తాడు. అసలు చిప్ ఉంది. దాన్ని నాలిక కిందికి వేసుకున్నాడు. పెట్టె అద్దంలో గురమ్మ ముందుకి నడవడం కనిపించింది. కూతురి ముందు ఆగింది. పొలుసులంటిన చెయ్యి ఎత్తి, ఆ చెంప దాకా తీసుకెళ్ళి, ముట్టుకోకుండానే ఆపేసింది.

"ఐయామ్ సో సారీ," అంది రేనా, కార్‌స్టెన్ వైపు తిరిగి. "పాపం, ఏమడుగుతోందీవిడ?"

ఆ గొంతు విన్నాక గురమ్మ చెయ్యి కిందికి దిగిపోయింది.

"ఏరా శివాజీ," అంది నెమ్మదిగా. "నీకు కళ్ళు కనపడ్డం లేదేటి? ఈ దొరసానమ్మ ఎక్కడ, నా కూతురు గుంట ఎక్కడ? నా గుంట సచ్చిపోనాది. ఈ సేతుల్తోనే నీళ్ళొదిలినాను. సచ్చిపోనోళ్ళ పేరు సెప్పి ముసిల్దాన్ని ఏడిపించడానికి పిలిసినావా? సిగ్గు లేదేటిరా నీకు?"

శివాజీ ఆ మాటలు కార్‌స్టెన్‌కి ఇంగ్లీషులో చెప్పాడు. తను మాత్రం ఒప్పుకోలేదు. "సముద్రం మీద ఒట్టేయించండి సార్. వేటకెళ్ళే ఇళ్ళలోవాళ్ళు దాని మీద అబద్ధమాడరు. చచ్చినా ఆడరు."

"అయితే వేయించు," అన్నాడు కార్‌స్టెన్.

ఉమేష్ వేలి మీది చిప్ జారి మఖమలు మడతలో పడింది. చెమట. వేళ్ళతో తడిమాడు. తగల్లేదు. మూత తెరిచి ఎంతసేపయిందో తెలియడం లేదు.

"మౌసీ, గంగమ్మ మీద ఒట్టేసి చెప్పు. ఈమె నీ కూతురు కాదని చెప్పు."

గురమ్మ మొగుణ్ణి ఆ సముద్రమే తీసుకుంది. కూతుర్ని ఆ సముద్రమే తీసుకుందని నమ్మింది. అయినా రోజూ పొద్దున్నే దానికి దణ్ణం పెట్టి బుట్ట ఎత్తుకుంటుంది. ఆమె దగ్గర మిగిలిన నమ్మకం అదొక్కటే.

"గంగమ్మ తోడు," అంది గురమ్మ. గొంతు వణకలేదు. "ఈ పిల్ల నా పిల్ల కాదు. బస్. ఇంకేటి కావాలి?"

చిప్ వేలికి తగిలింది. ఉమేష్ దాన్ని ముత్యం వెనక నొక్కి, రేకు మూసి, పతకాన్ని మళ్ళీ ముందువైపుకి తిప్పి, మూత దించాడు. లాక్ పడిన చిన్న చప్పుడు. అదే క్షణంలో టాబ్లెట్ ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోయింది.

కార్‌స్టెన్ చివాలున తిరిగాడు. "ఏమది?"

ఉమేష్ బల్బు బిగించాడు. వెలుగు ముత్యాల మీద పడింది. "వోల్టేజ్, సాబ్," అన్నాడు వినయంగా, నాలిక కింద దేశ రహస్యం పెట్టుకుని. "లైట్ ఆతా జాతా హై. అబ్ ఠీక్ హై."

కార్‌స్టెన్ పెట్టె చూశాడు. మూత పడే ఉంది. పతకం మెరుస్తోంది. టాబ్లెట్‌లో పచ్చ గుర్తు. అతను భుజాలెగరేసి, వెనకున్న మనిషికి కళ్ళతో సైగ చేశాడు. ఆ మనిషి కోటు జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

గురమ్మ అప్పటికే వెళ్ళిపోతోంది. తలుపు దగ్గర ఆగి వెనక్కొచ్చింది. రేనా తల చుట్టూ రెండు చేతులూ తిప్పి, తన కణతలకి ఆనించి మెటికలు విరుచుకుంది.

"ఏ తల్లి కన్న బిడ్డవో అమ్మా," అంది. "సల్లగుండు. ఏలకి తిను."

"ఏమంటోంది?" అని రేనా శివాజీని అడిగింది, నవ్వుతూ.

"దీవిస్తోంది మేడమ్."

"థాంక్ యూ," అంది రేనా తల్లితో. "థాంక్ యూ వెరీ మచ్."

* * *

వానలో ఓడ కదిలింది. జనమంతా రేకుల షెడ్డు కిందికి చేరారు. గురమ్మ ఒక్కతే జెట్టీ గేటు బయట గోడ పక్కన, తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చుంది. ముందు ఖాళీ బుట్ట.

ఉమేష్ ఫోనులో ఒక్క మాట చెప్పాడు. "ముత్యం మారింది." తర్వాత వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. వానకి గడ్డం జిగురు వదిలి ఓ పక్కకి వేలాడుతోంది.

"పీకెయ్ అల్లుడా, అదేటి అసియ్యంగా," అంది గురమ్మ, అతని వైపు చూడకుండానే.

అతను గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. "అత్తా..."

"ఏటీ సెప్పకు. సెప్పకూడదనేసి నీకు పైవోళ్ళు సెప్పే ఉంటారు."

"నీకెలా తెలిసింది, కాదని చెప్పాలని?"

"ముక్కూ మొహం తెలియనోళ్ళయినా, ఎవులో ముసిల్ది ఏడుపు మొహం పెట్టుకుని ఎదురుగుండా వస్తే జాలిపడి సూస్తారు, లేపోతే సూపు తిప్పుకుంటారు. నాను దగ్గరకెళ్ళినప్పుడు ఇది ఏదీ సెయ్యలేదు. రాయిలాగ నిలబడిపోనాది. కన్నతల్లి ముందర పిల్ల రాయిలాగ నిలబడిందంటే దానెనక ఎంత బయం ఉండాలి? నన్ను గురుతుపట్టలేదంటే, నాను గురుతుపట్టకూడదనే కదా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "గంగమ్మ మీద ఒట్టేసీనాను. ఆ తల్లికి ఏటని సెప్పుకోను?"

"గంగమ్మకి అర్థమవుతుంది అత్తా."

"అవుద్ది. ఆ తల్లికీ పిల్లలున్నారు."

ఓడ మలుపు తిరిగింది. డెక్ మీద గొడుగులు, రంగురంగుల బట్టలు. ఆ దూరానికి తెల్ల గౌను ఏదో తెలియడం లేదు.

"ఎప్పుడొస్తాది?" అంది గురమ్మ.

ఉమేష్ తలొంచుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు నొప్పిని ఎలా భరించాలో నేర్పారు. ప్రశ్నలకి జవాబు చెప్పకుండా ఎలా ఉండాలో నేర్పారు. పక్కన కూర్చున్న ముసలావిడ నెమ్మదిగా అడిగే ప్రశ్నకి అవేవీ పనికిరాలేదు. భుజాలు కదిలిపోతూ ఏడ్చాడు.

గురమ్మ పట్టా ఓ కొస ఎత్తి అతని తల మీద కూడా కప్పింది.

"నువ్వు మొదటిసారి వచ్చి సచ్చిపోనాదని సెప్పినావు. ఏడిసినాను, నీళ్ళొదిలినాను, ఊరుకున్నాను. సచ్చిపోనోళ్ళకి ఆకలెయ్యదు, సలెయ్యదు, ఎవులూ కొట్టరు. ఇప్పుడెలాగ ఊరుకునేది? రోజూ తిన్నాదో లేదో అనేసి ఉంటాది కదా." ఆమె గొంతు అప్పుడు విరిగింది. "అయినా సూసినాను. సిక్కిపోనాది. సూసినాను, సాలు."

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఓడ వానలో కలిసిపోయాక కూడా లేవలేదు.

* * *

మర్నాడు గరాచర్మ మేడలో మణికుమార్ హుషారుగా ఉన్నాడు.

"ఓడ మన జలాలు దాటేసింది. చిప్ వాళ్ళ పైవాళ్ళకి చేరినట్టు శంఖం నుంచి సిగ్నల్ వచ్చింది. బ్రహ్మాండం. శివాజీని ఈ కేసులో ముట్టుకోం. బండి కాగితాలు లేవని ట్రాఫిక్‌వాళ్ళు పట్టుకుంటారు, ఆ పైన ఒకదాని వెనక ఒకటి కేసులు బయటపడతాయి. పాపం, బయటికి రావడానికి చాలాకాలం పడుతుంది."

ఉమేష్ పిస్టల్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఆమె మన మనిషని మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఆమెని కాల్చమని నాకు ఇది ఇచ్చారు."

"అందులో బులెట్లు లేవు. చూసుకోలేదా?" మణికుమార్ పిస్టల్‌ని సొరుగులో వేశాడు. "నీకు ముందే చెప్పుంటే నిచ్చెన మీద నీ మొహం వెలిగిపోయేది. కార్‌స్టెన్ మొహాలు చదువుతాడు. ఐదేళ్ళ కిందటా అంతే. నీ ఏడుపు నిజంది కాబట్టి ఆ పిల్ల బతికింది. ఆ తల్లి నీళ్ళొదలడం నిజంది కాబట్టి నమ్మారు. నాకు నిద్ర పడుతోందనుకోకు."

"ఆవిడకి ఇప్పుడు తెలుసు సార్."

"చెప్పావా?"

"నేను చెప్పలేదు. నేను చెప్పేది ఏమీ మిగల్లేదు."

మణికుమార్ కిటికీ దగ్గరికి వెళ్ళి, కాసేపు వీధిని చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు మళ్ళీ ఆఫీసు మనిషే అయ్యాడు. కీబోర్డు ముందుకి లాక్కున్నాడు.

"ఢిల్లీకి రిపోర్టు పంపాలి. మిషన్ సక్సెస్. మనవైపు ప్రాణనష్టం?"

"లేదు సార్," అన్నాడు ఉమేష్. "అందరం బతికే ఉన్నాం. అదే వచ్చిన చిక్కు."